ముసలాయన పెట్టెలో స్ప్రింగు

డెబ్బైల చివర్లో నేను షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద పని చేసేవాణ్ణి. లారీల ఇరుసులు, నీళ్ళ పంపుల షాఫ్టులు, బుష్‌లు, బోల్టులు నా చేతి మీదుగా పోయేవి. మాది జగిత్యాల దగ్గర పల్లె. కరీంనగర్‌లో ఒక ఇనుప షెడ్డులో నేర్చుకున్న పని పట్టుకొని వచ్చాను. మేము షార్జాలో ఉన్నా అబుదాబిలో ఉన్నా ఊళ్ళో వాళ్ళకు అంతా దుబాయే.

వర్క్‌షాపు యజమాని అక్కడి అరబ్బు. అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన ఎప్పుడో వచ్చి కారు దిగకుండానే రెండు మాటలు మాట్లాడి పోయేవాడు. మమ్మల్ని నడిపేది ముదీర్, అంటే మేనేజరు. ఆయన తెలుగువాడే, కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. మనవాడు పైన ఉన్నాడని మొదట్లో నేను సంబరపడ్డాను. ఆ సంబరం వారం కూడా నిలవలేదు. మిగతావాళ్ళను హిందీలో తిట్టేవాడు, నన్ను తెలుగులో తిట్టేవాడు. తేడా అంతే. మాట్లాడుతున్నంతసేపూ పళ్ళ సందులు గుచ్చుకోవడం ఆయన అలవాటు. అందుకు ఏది దొరికితే అది వాడేవాడు, నా బల్లమీద ఇనుముపై గీతలు గీసే సూదైనా సరే. నోట్లోంచి తీసిన దాన్ని తుడవకుండా తిరిగి బల్లమీద పెట్టేవాడు. ఆ సూదిని చిమటాతో పట్టుకొని కిరసనాయిల్లో ముంచిన రోజులు నాకు గుర్తున్నాయి.

ఒక పొద్దున ఆయన గుడ్డలో చుట్టిన పెద్ద వస్తువును నా బల్లమీద పెట్టించాడు. విప్పితే బాకా ఉన్న పాత గ్రామఫోను. టేకు పెట్టె, ఇత్తడి బాకా, పక్కన చావి తిప్పే పిడి. అర్బాబ్ వాళ్ళ తండ్రి ముత్యాల వ్యాపారం చేసిన కాలంలో బొంబాయిలో కొన్నాడట. ఆయన పోయాక పాత ఇంటి గోదాములో పడి ఉంది. ఇప్పుడు అర్బాబ్ కొత్త విల్లా కట్టుకున్నాడు.

"చూడవయ్యా, ఇది అర్బాబ్ గారి నాన్నగారిది. విల్లాలోకి దిగేనాటికి దీన్ని సిద్ధం చేసి ఇవ్వాలి," అన్నాడు ముదీర్.

"గిసొంటిది నేనెన్నడు ముట్టలే సార్."

"మిషనే కదా. విప్పి చూడు. ఏం సామాన్లు కావాలో చెప్పు. నీ సెలవు కాగితం నా దగ్గరే ఉంది, గుర్తుందిగా."

రెండేళ్ళు నిండి నాలుగు నెలలయింది. ఊరికి పోవడానికి సెలవు కాగితం మీద ఆయన సంతకం కావాలి. పాస్‌పోర్టు కూడా ఆయన బీరువాలోనే ఉండేది. ఆ మాట ఆయన ఏ పని చెప్పేటప్పుడైనా చివర కలిపేవాడు.

మధ్యాహ్నం తిండి వేళ అందరూ నీడకు పోయాక పెట్టె విప్పాను. బాకా గొంతులో ఎండిపోయిన బల్లి ఒకటి ఇరుక్కొని ఉంది. అడుగు పలక తీయగానే బొద్దింకలు బిలబిలమని నా చేతుల మీదుగా పారాయి. వాటి గుడ్లు మోటారు సందుల్లో గోధుమరంగు గింజల్లా అంటుకొని ఉన్నాయి. స్ప్రింగు ఉండే ఇత్తడి డబ్బా మూత లేపితే అసలు కంపు బయటికి వచ్చింది. ఎన్నేళ్ళనాటిదో నల్లటి గ్రీజు, పాడైన నెయ్యీ చచ్చిన ఎలుకా కలిసినట్టు ఒక వాసన. సబ్బుతో, పెట్రోలుతో, ఇసుకతో తోమినా ఆ వాసన నా గోళ్ళ సందుల్లోంచి మూడు రోజులు పోలేదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకున్నప్పుడల్లా అదే వచ్చేది. చెంచా పెట్టుకొని తిన్నాను.

అయినా ఆ మిషను పనితనం ముందు నేను కాసేపు చేష్టలుడిగి కూర్చున్న మాట నిజం. చావి తిప్పితే డబ్బాలో చుట్ట చుట్టుకొని ఉన్న ఉక్కు పట్టీ బిగుస్తుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. వేగం అదుపు తప్పకుండా మూడు చిన్న గుండ్లు మూడు సన్నని రేకుల మీద గిరగిరా తిరుగుతాయి. పైన సూది కదలికను పాటగా మార్చేది ఒక గుండ్రటి డబ్బీలోని పలచని బిళ్ళ. ఇందులో చెడిపోయినవి మూడు. గుండ్ల రేకుల్లో ఒకటి విరిగింది. బిళ్ళ పగిలింది. పెద్ద స్ప్రింగు నట్టనడుమ తెగింది. చివర తెగితే కాల్చి, మెత్తబరిచి, కొత్త కన్నం పొడిచి బతికించవచ్చు. నడుమ తెగితే ఏమీ చేయలేం. కొత్తది దొరకాలి.

రేకు సంగతి నేనే చూసుకున్నాను. సందులు కొలిచే గేజీలో పలచని ఆకు ఒకటి తీసి, కత్తిరించి బిగించాను. సరిగ్గా పట్టింది.

బిళ్ళ దగ్గర నాకు సాయపడింది మా పికప్ డ్రైవరు. ఆయన నెల్లూరు జిల్లా గూడూరు వైపు ముస్లిం. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడా అనేవాడు. పనివాళ్ళ క్యాంపులో మా మంచాలు పక్కపక్కనే. నా రెండు చొక్కాలూ ఆయన రెండు చొక్కాలూ ఒకే మేకుకు వేలాడేవి. పగిలిన బిళ్ళ ముక్కను ఆయన వెలుతురుకు ఎత్తి చూసి నవ్వాడు.

"ఇదేందో తెలుసా తమ్ముడా? అభ్రకం. మా యమ్మ ఈ పనే చేసింది. షెడ్డులో కూర్చోని కత్తితో పొరలు తీస్తా ఉండేది. ఇంటికొచ్చినాక కూడా చేతులు తళతళా మెరుస్తా ఉండేయి."

"గీడ యాడ దొర్కుతది భాయ్ అభ్రకం?"

"కాలిపోయిన ఇస్త్రీ పెట్టె ఒకటి తేబ్బా. లోపల ఉండేది అదే."

లాండ్రీ వాడి దగ్గర పాడైన ఇస్త్రీ పెట్టె తెచ్చాను. భాయ్ దాన్ని విప్పి, కాలని చోట అభ్రకం పలక చూసుకొని, సగం బ్లేడు అంచు పొరల మధ్యకు దూర్చాడు. ఊపిరి బిగబట్టి, గోరుతో కొద్దిగా ఎత్తి, మెల్లగా ఊదాడు. ఉల్లిపొర కంటే పలచగా ఒక పొర లేచింది. అది మందమయిందని ఇంకొకటి, అది గీత పడిందని మరొకటి తీశాడు. ఆరోదో ఏడోదో ఆయనకు నచ్చింది. గుండ్రంగా కత్తిరించి, పక్కనున్న సైకిలు ట్యూబు ముక్కతో చుట్టూ వాషరు వేసి బిగించాం. వాళ్ళమ్మ పని తన చేతికి వస్తుందని తనకే తెలియదన్నాడు. ఆ గ్రామఫోను వల్ల నాకు దక్కిన మంచి గంట అదొక్కటే.

ఇక స్ప్రింగు మిగిలింది. రెండు శుక్రవారాలు షార్జా బజారు రోలాలో తిరిగాం. గడియారాల వాళ్ళు, కుట్టుమిషన్ల వాళ్ళు, రేడియోల వాళ్ళు, ఎవరినీ వదల్లేదు. అప్పుడు అందరి చేతుల్లోనూ రేడియో, క్యాసెట్టు కలిసిన టూ-ఇన్-వన్‌లే. ఒక దుకాణంలో కేరళ అబ్బాయి నా చేతిలోని తెగిన స్ప్రింగు ముక్క చూసి, ఇదేమిటి, రంపమా అని అడిగాడు. పక్కవాళ్ళంతా నవ్వారు. చివరికి ఒక ముసలి గడియారాల మెకానిక్ మాత్రం ముక్కను వేళ్ళతో వంచి చూసి చెప్పాడు. అజ్మాన్‌లో చెక్క లాంచీలు బాగుచేసే యార్డు ఉంది, అక్కడ గుజరాత్ కచ్ వైపు ముసలాయన ఒకాయన దగ్గర నడిచే గ్రామఫోను ఉంది, ఇలాంటి సామాన్లు ఎక్కడ దొరుకుతాయో అతనికి తెలిసి ఉండవచ్చు అని.

మరుసటి శుక్రవారం నమాజు అయ్యాక భాయ్ నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. సముద్రం ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన పాయ ఒడ్డున లాంచీలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. చెక్కకు పూసే సొరచేప నూనె కంపు దూరం నుంచే ముక్కులు బద్దలు కొట్టింది. లాంచీ పలకల సందుల్లో నూనెలో తడిపిన దూది తాళ్ళు సుత్తితో దిగగొట్టడం ముసలాయన పని. ఎముకల గూడులా ఉన్నాడు. ఉప్పు గాలికి చర్మం చెప్పుతోలులా అయింది. రేకుల గుడిసె ముందు చాప పరిచి, దానిమీద చిన్న పెట్టె గ్రామఫోను తెరిచి పెట్టుకున్నాడు. సూట్‌కేసులా మూసుకొని మోసుకుపోయేది అది. చుట్టూ పదిమంది పనివాళ్ళు, బలూచీలు, గుజరాతీలు, మలబారు వాళ్ళు కూర్చొని ఉన్నారు. ఆయన దగ్గర ఆరే పాటల ప్లేట్లు. ప్రతి శుక్రవారం అవే ఆరు, అదే వరుసలో వేస్తాడట. ఒక ప్లేటుకు అంచు విరిగింది. సూదిని ఆ విరుగుకు లోపలివైపు దింపి పాట మొదలుపెట్టేవాడు.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన తన పెట్టె అడుగు విప్పి చూపించడానికి వెంటనే ఒప్పుకున్నాడు. నేను స్క్రూడ్రైవరు తీయబోతే మాత్రం చేయి అడ్డం పెట్టాడు.

"తుమ్ మత్ ఖోలో. హమ్ ఖోలేగా."

నువ్వు విప్పకు, నేనే విప్పుతానని తానే విప్పాడు. లోపల ఎంత శుభ్రంగా ఉందంటే, ఇత్తడి మీద నా ముఖం కనిపించింది. ఏటా ఒకసారి విప్పి కొత్త గ్రీజు వేస్తాడట. స్ప్రింగు డబ్బా మీద నా స్కేలు పెట్టి కొలిచాను. వెడల్పు సరిగ్గా సరిపోయింది. పొడవు మాదానికంటే కాస్త తక్కువ, అయినా పనికొస్తుంది. ఇలాంటి స్ప్రింగు ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. మనసులో ఏమనుకున్నాడో, పెట్టె మూసి తన ఒళ్ళోకి లాక్కున్నాడు. తరువాత మాకు చాయ్ పోశాడు. లాంచీ మీద వంటవాడిగా ఉన్న రోజుల్లో ఒక నావికుడు తన బాకీ కింద ఈ పెట్టె వదిలిపోయాడనీ, తనకు పెళ్ళీ పిల్లలూ లేరనీ, ఎక్కడికి పోయినా ఇది వెంట ఉండాల్సిందేననీ చెప్పాడు.

ఇక్కడి దాకా నేను చేసిన పనిలో తప్పు లేదు. తరువాతి రోజు చేసిందే తప్పు.

ముదీర్ నా బల్ల దగ్గరికి వచ్చి, స్ప్రింగు సంగతి ఏమైందని అడిగాడు. దొరకలేదని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. వెతికి పట్టుకున్నానని చెప్పుకోవాలని నాకు ఉబలాటం.

"దొర్కినట్టే సార్, గని లాభం లేదు. అజ్మాన్ల ఓ ముసలాయన పెట్టెల ఉన్నది. కొల్చి చూసిన, మనదాన్లకు మంచిగ పడ్తది. ఆయన అమ్మడు సార్, అది ఆయనకు పానం."

ముదీర్ గ్రామఫోను పెట్టెలో దొరికిన పాత సూదుల డబ్బీలోంచి ఒక సూది తీసి దంతాలు గుచ్చుకుంటూ విన్నాడు. "ఆ యార్డు ఎవరిది?" అని మాత్రం అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆయన తెలుసుకున్నాడు. యార్డు యజమాని మా అర్బాబ్‌కు దగ్గరి చుట్టమే.

నాలుగు రోజుల తరువాత భాయ్ పికప్‌లో ముసలాయన పెట్టె వచ్చింది. పైన గళ్ళ గుడ్డ చుట్టి, తాడుతో కట్టి ఉంది. తాడుకు చిన్న సంచీలో కొత్త సూదులు కూడా వేలాడుతున్నాయి. అర్బాబ్ గారు రెండు రోజులు వినాలనుకుంటున్నారు, విని పంపిస్తారు అని ముదీర్ భాయ్ చేత చెప్పించాడు. భాయ్ అది నిజమనే నమ్మి, ముసలాయన చేతులు పట్టుకొని చెప్పి వచ్చాడు. సూదులు కొత్తవి వాడమనీ, ఒక్కో సూదితో ఒక్క ప్లేటు మాత్రమే వేయమనీ ముసలాయన అర్బాబ్‌కు చెప్పి పంపాడట.

భాయ్ ఇంకో లోడు కోసం వెళ్ళగానే ముదీర్ నా దగ్గరికి వచ్చాడు.

"తీసెయ్."

"రెండొద్దులల్ల మల్ల ఇయ్యాలె గద సార్?"

"ఇస్తాం. పెట్టె ఇస్తాం. స్ప్రింగు విరిగిపోయిందని చెబుతాం. పాత సామాను, విరగదా ఏమిటి?" అని గొంతు తగ్గించాడు. "మనవాడివి కాబట్టి నీకు చెబుతున్నా. ఇది పూర్తి చెయ్, సాయంత్రం నీ కాగితం మీద సంతకం పెడతా."

సెలవు కోసమే చేశానని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఊళ్ళో నేను ఇటు వచ్చాక పుట్టిన కూతురు ఉంది, దాన్ని చూడాలి, నాకు వేరే దారి లేదు అని. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ముదీర్ అటు తిరిగిపోగానే నా చేతులు వాటంతటవే స్క్రూడ్రైవరు మీదికి పోయాయి. ఆ స్ప్రింగు పెద్ద పెట్టెలో పడుతుందా, పడితే ఎలా తిరుగుతుంది, నేను వేసిన రేకు నిలబడుతుందా, భాయ్ అభ్రకం పలుకుతుందా అన్న ఆత్రమే నన్ను పట్టుకుంది. ముసలాయన చేయి అడ్డం పెట్టిన చోటే పెట్టె విప్పాను. డబ్బా మూత తీసి, తోలు తొడుగు చేతికి వేసుకొని, స్ప్రింగును ఒక్కో చుట్టే వదులుతూ బయటికి లాగాను. కాస్త చేయి జారితే వేళ్ళు తెగ్గోసే ఉక్కు అది. నా చేయి జారలేదు. అంత జాగ్రత్తగా ఏ పనీ చేయలేదు నేను.

పెద్ద పెట్టెలో బిగించి, చావి తిప్పి, ముసలాయన పంపిన కొత్త సూదే వేసి ఆడించాను. అర్బాబ్ వాళ్ళ ప్లేట్లలో ఒకటే వంకరపోకుండా మిగిలింది, అరబ్బీ పాట. పాట వచ్చింది. వర్క్‌షాపులో గ్రైండర్లు ఆగిపోయాయి. అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. నా వీపు తట్టారు. నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా ముఖమంటే నాకే అసహ్యమేస్తుంది.

భాయ్ అప్పుడే వచ్చాడు. ముందు పాట విని సంతోషంగా దగ్గరికి వచ్చాడు. తరువాత బల్ల కింద తెరిచి ఉన్న ముసలాయన పెట్టెనూ, ఖాళీ ఇత్తడి డబ్బానూ చూశాడు.

"ఏంది తమ్ముడా ఇది?"

నేను ఆ పెట్టె మీదికి గళ్ళ గుడ్డ లాగాను.

"రెండు దినాలని నా నోటితో చెప్పొచ్చినా. ఆయన చేతులు పట్టుకోని చెప్పినా."

"ముదీర్ తీయమన్నడు భాయ్. నేనేం జెయ్యాలె?"

"ముదీర్ సంగతి నేను అడగలేదు. నీకు చేతులెట్లా వచ్చినాయి?" అని కాసేపు ఆ తిరుగుతున్న ప్లేటు వైపు చూశాడు. "నా అభ్రకం తీసి ఇచ్చేయ్."

అందరి ముందూ మెల్లగానే అన్నాడు. నేను తీయలేదు. తీస్తే పాట ఆగిపోతుంది. ఆ సాయంత్రం ఆయన క్యాంపులో తన మంచం అవతలి గదిలోకి మార్చుకున్నాడు. మేకు మీది తన చొక్కాలు తీసుకుపోయాడు. ఖాళీ పెట్టెను ముసలాయనకు తిరిగి ఇచ్చిరమ్మని ముదీర్ చెబితే పోనన్నాడు. ఇంకో డ్రైవరు చేత పంపించారు. అర్బాబ్ గారు వింటుండగా స్ప్రింగు దానంతటదే విరిగిందని అతని చేత చెప్పించారు. భాయ్‌ను నీళ్ళ ట్యాంకరు మీదికి మార్చి ఎడారిలో రోడ్డు పనికి పంపేశారు. మళ్ళీ ఆయన నాతో మాట్లాడలేదు.

వారం తిరిగేసరికి గ్రామఫోను తీసుకొని ముదీర్‌తో విల్లాకు వెళ్ళాను. దారి పొడవునా ఆయన, ఎంత కష్టపడి సామాన్లు తెప్పించాడో అర్బాబ్‌కు ఎలా చెప్పాలో నాకే అభ్యాసం చేసి వినిపించాడు. హాల్లో తివాచీ మీద అర్బాబ్, నలుగురు చుట్టాలు కూర్చొని ఉన్నారు. ముదీర్ చేతులు కట్టుకొని వంగి, నాకు కనుసైగ చేశాడు. నేను చావి తిప్పి సూది దింపాను. పాట మొదలైన వెంటనే అర్బాబ్ ముఖం చిట్లించి, చేయి విసిరాడు. నేను ఆపేశాను.

బొంబాయితో వ్యాపారమున్న ఇంట్లో పెరిగినవాడు కాబట్టి ఆయనకు హిందీ వచ్చు.

"ఇస్కో గానే కో కౌన్ బోలా? సాఫ్ కరో బోలా, బస్."

పాడించమని ఎవరు చెప్పారు, శుభ్రం చేయమన్నాను, అంతే. ఆయనకు కోపం కూడా రాలేదు. చుట్టాలతో మాటల్లో పడిపోయాడు. గోడకు అద్దాల షోకేసు ఉంది. అందులో ఇత్తడి కాఫీ కూజాలు, కత్తి ఒర, ప్లాస్టిక్ గులాబీలు. గ్రామఫోనును నడుమ అరలో పెట్టమన్నాడు. పెడితే చావి పిడి అడ్డమొచ్చి అద్దం తలుపు మూసుకోలేదు. పిడి తీసేయమన్నాడు. నేను మరలు తిప్పి పిడి ఊడదీశాను. దాన్ని పనివాడు తీసుకొని కింది సొరుగులో పడేశాడు. తలుపు మూసుకుంది.

నేను ముదీర్ ముఖం చూశాను. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. ఆయన చిరునవ్వుతో "తమామ్, తమామ్, చాలా బాగుంది" అంటున్నాడు. కారెక్కాక అడిగాను.

"సార్, అది పాడుడే అక్కెర లేదంట గద. స్ప్రింగు తీసుకొచ్చి ముసలాయనకిద్దాం. నేనే తీస్త, అద్ద గంట పని."

"మళ్ళీ ఆ ఇంటికి పోయి షోకేసు తెరవమని అడగాలా? ఎందుకని అడిగితే ఏం చెప్పమంటావు? ఖలాస్. నీ సంతకం అయిపోయింది, ఊరికి పో."

అని, పళ్ళలోంచి తీసినదేదో కిటికీలోంచి ఊసి, రేడియో పెట్టాడు. నాకు ఆ కారులో సీటుకు ఆనుకొని కూర్చోవడానికి కూడా ఒళ్ళు జలదరించింది. కానీ దిగి నడిచిపోలేదు. చల్లగా ఉంది, కూర్చున్నాను.

ఊరికి పోయే ముందు నాకు ఇరవై రోజులు మిగిలాయి. ముసలాయనకు ఇంకో స్ప్రింగు వెతకాలనుకున్నాను. రోలాలో లేదని తెలుసు కాబట్టి ఈసారి దుబాయ్ దేరాకు ఒంటరిగా వెళ్ళాను. పాత సామాన్ల దుకాణం ఒకటి ఎవరో చెప్పారు. లోపల గోడ నిండా ఇత్తడి బాకాలు వరుసగా వేలాడుతుంటే ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పోయి చూస్తే ప్రతి బాకా నోట్లో ఒక కరెంటు బల్బు. హోటళ్ళలో తగిలించడానికి కొంటారట. మరి పెట్టెలు, మోటార్లు ఏం చేస్తారని అడిగితే, దుకాణదారు బొటనవేలితో వెనక్కు చూపించాడు.

వెనక పెరట్లో మోటార్లు గుట్టగా పోసి ఉన్నాయి. వాన నీళ్ళకు తుప్పుపట్టి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. పిల్లులు అక్కడే పాడుచేసినట్టున్నాయి, కళ్ళు మండే కంపు. అందులో సగం, పడేసేనాటికి చక్కగా తిరుగుతూ ఉండినవే. పళ్ళు అరగని చక్రాలు చూస్తే నాకు తెలుస్తుంది. ఎవరెవరి ఇళ్ళలోంచో తెచ్చి, బాకా పీకి, మిగతాది పారేశారు. వాళ్ళను తిట్టుకుంటూ ముక్కుకు తువ్వాలు కట్టుకొని గుట్టలోకి దిగాను. రెండో మోటారు విప్పేసరికి, తిట్టడానికి నాకేం హక్కుందని తట్టింది. వీళ్ళు కనీసం కొనుక్కొని పాడుచేశారు.

మంచి స్ప్రింగు ఒక్కటీ దొరకలేదు. తెగినవి రెండు దొరికాయి. దుకాణదారు కచ్రా అని ఊరికే ఇచ్చాడు. తుప్పు గీకి, కొసలు కాల్చి మెత్తబరిచి, ఒకదానిమీద ఒకటి పెట్టి మూడు రివిట్లు కొట్టి అతికాను. అతుకు దగ్గర బిరుసుగా ఉంటుందని నాకు ముందే తెలుసు. ఇంతకంటే మంచిది నా చేతిలో లేదు.

చివరి శుక్రవారం బస్సెక్కి అజ్మాన్ వెళ్ళాను. ముసలాయన చాప పరిచే ఉంచాడు. పెట్టె లేదు. పనివాళ్ళు పేకాడుకుంటున్నారు. నేను స్ప్రింగు చూపించగానే ఆయన గుడిసెలోకి వెళ్ళి పెట్టె తెచ్చాడు. గళ్ళ గుడ్డ ఇంకా దానికి చుట్టే ఉంది. ఈసారి తాను విప్పలేదు. స్క్రూడ్రైవరు నా చేతికే ఇచ్చాడు.

బిగించాను. చావి తిప్పాడు. పాట మొదలైంది. స్ప్రింగు విప్పుకుంటూ అతుకు వచ్చిన చోటల్లా లోపల టక్కుమని చప్పుడు, పాట ఒక్క క్షణం జీరబోయి మళ్ళీ లేచేది. సగం ప్లేటుకే నీరసించేది. ముసలాయన అది కనిపెట్టి, పాట నడుస్తుండగానే చావి తిప్పుతూ కూర్చున్నాడు. అలా తిప్పుతూ ఉంటే చివరిదాకా వచ్చింది.

నా గొంతులో మాట సిద్ధంగా ఉంది. మీ స్ప్రింగు విరగలేదు, నేనే తీశాను అని. ఆయన అవకాశం ఇవ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకు నన్ను చూపించి, గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. అర్బాబ్‌ల చేతిలో విరిగితే ఒక్కడు పట్టించుకోలేదట, ఈ హైదరాబాదువాడు (ఆయనకు తెలుగువాళ్ళందరూ హైదరాబాదువాళ్ళే) ఎక్కడెక్కడో తిరిగి తెచ్చాడట, అసలైన కారీగర్, పనిమంతుడు అంటే ఇతనట.

"అల్లా తుమ్‌కో బర్కత్ దేగా," అని దీవించి నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ అరచేతుల నుంచి సొరచేప నూనె వాసన వచ్చింది. లాక్కోవాలనిపించింది, ఆ వాసనకు కాదు. ఆయన పట్టుకున్నది ఏ చేతులో నాకు తెలుసు కాబట్టి.

లోపలి నుంచి ఖర్జూరాలు, హల్వా తెచ్చి నా ముందు పెట్టాడు. నేను తిన్నాను. అందరూ చూస్తున్నారని తిన్నాను. మూడో ప్లేటు అయ్యాక, పనివాళ్ళు నా కోసం చాపమీద జరిగి చోటిచ్చారు. ఊరికి పోయి వచ్చాక తప్పకుండా వస్తానని చెప్పి లేచాను. మూడు నెలలకు తిరిగి వచ్చాను. ఆ తరువాత ఇంకా తొమ్మిదేళ్ళు షార్జాలో ఉన్నాను. అజ్మాన్ అక్కడికి ఎంతో దూరం కాదు. నేను వెళ్ళలేదు.